ఉప్పు సరిపోయిందా?

రాజనర్సయ్య అన్నం తింటున్నాడు. చూసేవాళ్లకు ఓపిక ఉండాలే గాని, అదొక పెద్ద తతంగం. ముందు కంచం వంక చూస్తాడు. అందులో ఏముందో ఇప్పుడే కనిపెట్టినట్టు తలాడిస్తాడు. ముద్ద కలిపి, కాసేపు వేళ్ల మధ్య ఉంచుకుని, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఇక నమలడం. అది ఎప్పటికి పూర్తవుతుందో దేవుడికే తెలియాలి. రెండో ముద్ద కంచంలోంచి లేచేలోపు ఆయన పెళ్లాం మంగవ్వ ఒక పొయ్యి మీది పప్పు దింపి, ఇంకో పొయ్యి మీది బెండకాయ వేపుడు తిప్పి, కూరగాయలు దించడానికి వచ్చిన ఆటోవాడితో పుచ్చు వంకాయల గురించి గొడవ కూడా పెట్టుకుని వచ్చేస్తుంది.

"ఇగో, నిన్నే! అన్నం తింటున్నవా, దానితోని ముచ్చట వెడ్తున్నవా?"

తినేటప్పుడు మాట్లాడకూడదని ఆయన కొత్తగా పోతున్న క్లాసులో చెప్పారు. ముద్ద పూర్తిగా మింగి, కళ్లు తెరిచి, అప్పుడు నింపాదిగా అన్నాడు: "తింటున్ననే. తినేటప్పుడు తినుడే."

"మరి ఇన్నేండ్లు ఏం జేసినవ్?"

"ఇన్నేండ్లు మింగిన."

అందులో అబద్ధం లేదు. సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. భోజనం గంట కొట్టాక మళ్లీ పని గంట కొట్టేలోపు డబ్బా ఖాళీ చేసి, చేయి కడిగి, బీడీ కూడా కాల్చుకుని రావాలి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. పెట్టింది వంకాయో సొరకాయో చేయి కడుక్కున్నాక అడిగితే చెప్పలేకపోయేవాడు. అప్పట్లో మంగవ్వకు అదే కోపం, ఊరంతా నా కూర మెచ్చుకుంటుంటే ఇంట్లో మనిషి ఇట్లా మింగుతాడేమని. ఇప్పుడు మెల్లగా తింటుంటే ఇదీ కోపమే. ఇట్లాంటి ఆడమనిషితో ఎవరు మాత్రం వేగుతారని మీకు అనిపించవచ్చు. కాని మంగవ్వ వైపు న్యాయం కూడా వినాలి.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లోకి వెళితే ఒక హాస్టల్, ఒక జిరాక్స్ షాపు, మళ్లీ ఒక హాస్టల్. కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు గదిలో కుక్కర్ పెట్టుకుని అన్నం మాత్రం వండుకుంటారు, కూర కోసం మెట్లు దిగుతారు. వాళ్ల పుణ్యమా అని సందుకో కర్రీ పాయింట్. మంగవ్వది ఒకే ఒక షట్టరు గది. ముందు బల్ల, బల్ల మీద మూతల గిన్నెలు, వెనక అడ్డగోడ, గోడ అవతల పొయ్యిలు. గరిటెడు కూర ప్లాస్టిక్ కవరులో పోసి, గాలి నింపి, మెలితిప్పి, దారం చుట్టి ముడి బిగించడం ఆమె చేతులు వాటంతట అవే చేసేస్తాయి. అదే సమయంలో నోరు ఫోన్లో ఎవరినో తిడుతుంటుంది, కళ్లు వరసలో దూరినవాణ్ణి వెనక్కి పంపుతుంటాయి. ఒక సమయంలో ఒక్క పని చేసిన పాపాన ఆమె ఎన్నడూ పోలేదు.

ఆమెది జనగామ దగ్గరి ఊరు. పెళ్లై సిటీకి వచ్చిన కొత్తలో ఇదే సందులో ఒక ఆడపిల్లల హాస్టల్లో కూరగాయలు తరిగే పనికి కుదిరింది. అక్కడి వంటాయన చెప్పాపెట్టకుండా మానేసిన రోజున, పిల్లలు పస్తులుంటారని గరిటె పట్టుకుంది. పట్టుకున్న గరిటె మళ్లీ దించలేదు. ఆ తర్వాత సొంత దుకాణం పెట్టింది. కూతురు మధులతను చదివించి, పెళ్లి చేసి, పంజాగుట్టలో ఒక ఆఫీసులో కుర్చీలో కూర్చునేదాకా తెచ్చింది ఈ పొయ్యిలే. అయితే ఆమె వంటకు ఒక పద్ధతి ఉండేది. నాలుక మీద చుక్క వేసుకుని చూసే మనిషి కాదు. గిన్నె మీద వంగితే, ఆవిరి ముక్కుకు తగిలితే చాలు. "పులుపు ఇంక ఉడకలే" అనేది. "ఉప్పు తక్కువైంది" అనేది. ఉప్పుకు వాసనేమిటని ఎవరైనా నవ్వితే "నాకు తెలుస్తది, నీకెందుకు" అని నోరు మూయించేది.

ఆ ముక్కు పోయింది. అదీ అసలు సంగతి.

పోయిన వానాకాలంలో సందంతా జ్వరాలు వచ్చాయి, మంగవ్వకూ వచ్చింది. జ్వరం తగ్గి దుకాణం తెరిచిన రోజు, వెల్లుల్లి పోపు వేసింది. చిటపటలు వినిపించాయి, వెల్లుల్లి ఎర్రబడడం కనిపించింది, వాసన మాత్రం రాలేదు. జలుబేలే అనుకుంది. జలుబు పోయింది, వాసన రాలేదు. నాలుక కూడా మొద్దుబారింది. కారం మంట తెలుస్తుంది, అంతే. చారు తాగితే వేడినీళ్లు తాగినట్టే. ఎర్రగడ్డ రైతుబజారుకు పోతున్నానని చెప్పి ఒక్కతే డాక్టరు దగ్గరికి పోయింది. రావచ్చమ్మా, టైం పట్టవచ్చు, కొందరికి రాకపోవచ్చు కూడా, రోజూ లవంగాలూ నిమ్మకాయా వాసన చూస్తూ ఉండండి అన్నాడాయన. రోజూ చూస్తూనే ఉంది. నిమ్మకాయను ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంటే కోపం తప్ప ఏమీ రాదు.

ఎవరికీ చెప్పలేదు. రాజనర్సయ్యకు అంతకు ముందు ఎండాకాలంలోనే ఛాతీ నొప్పి వచ్చి, దవాఖానాలో పడేసి, గుండెలో స్టెంటు వేశారు. టెన్షన్ పెట్టొద్దు అని డాక్టర్లు ఆమెకు మరీ మరీ చెప్పి పంపారు. అలాంటి మనిషితో నా ముక్కు పోయింది, నాలుక పోయింది, దుకాణం ఎట్లా నడుస్తదో తెలియదు అని ఏ నోటితో చెప్పాలి? పైగా వంటమనిషికి వాసన తెలియదని సందులో పొక్కితే, ఇన్నాళ్ల పేరు ఏ కాలువలో కలుస్తుందో ఎవరికి తెలుసు. అందుకని నోరు కుట్టేసుకుంది. ఇంకొకళ్ల విషయంలో అయితే అది మామూలే, మంగవ్వ విషయంలో అదొక వింత.

సరిగ్గా అప్పుడే మధులత తండ్రిని పంజాగుట్టలో మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో చేర్పించింది. గుండెకు మంచిదట. ఒక నగల దుకాణం పైన, ఏసీ హాలులో, చాపలు పరిచి చెబుతారు. చెప్పే కుర్రాడి పేరు వివేక్. ఏ పని చేస్తుంటే ఆ పని మీదే ఎరుక ఉండాలి, పళ్లు తోముకుంటుంటే పళ్ల మీద, నడుస్తుంటే అడుగుల మీద, అని అతని పాఠం. ఏ పనైనా మొదలుపెడితే చివరంటా చేసే లేత్ మనిషికి ఇది మహా బాగా ఎక్కింది. పళ్లు తోముకోవడానికి వెళితే బాత్రూమ్ ఇక ఖాళీ కాదు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ పలకరించి పెట్టుకుంటాడు. ఒకరోజు పంజాగుట్ట చౌరస్తాలో రోడ్డు మధ్య అడుగుల మీద ఎరుక పెట్టి నడుస్తుంటే, సిటీ బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పిన మాటలు మంగవ్వకు కూడా కొత్త. అప్పుడు చేయి పట్టుకుని గుంజుకొచ్చింది ఆమే.

ఇదంతా భరించేది. భరించలేనిది ఆ తిండి. ఎందుకంటే తింటూ తింటూ, ఏ పాపం ఎరగని ముఖంతో, ఆయన ఒక మాట అంటాడు.

"మంగా, ఇయ్యాల చారుల ఉప్పు జర ముందుకొచ్చిందే."

"ముందుకొచ్చిందా? యాడి దాక వచ్చింది? మైత్రీవనం దాక వచ్చిందా?"

"తప్పని కాదే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. మంచి చెడ్డ అనొద్దు, ఉన్నది చూడుమన్నరు."

ఆమె వీపు తిప్పుకుని గిన్నెలు దబదబలాడించేది. చెప్పేటంత ఉప్పు ఎక్కువైందా? ఎంత ఎక్కువ? పిల్లలకు తెలిసిందా? పెళ్లయినప్పటి నుంచి ఏది పెట్టినా తలెత్తకుండా మింగిన మనిషి, ఆమెకు ఎవరూ గమనించకుండా ఉంటే చాలు అనిపించిన ఈ ఒక్క ఏడాదే గమనించడం నేర్చుకోవాలా? ప్రతి ముద్దా ఒక పరీక్ష అయిపోయింది.

దుకాణం పరువు కాస్తున్నది ఫిర్దౌస్. పుల్కాలు చేయడానికి వస్తుంది. చాలా కాలంగా ఉన్న మనిషి, బోరబండ నుంచి వస్తుంది. కూర దించేముందు మంగవ్వ గరిటెతో చుక్క ఆమె అరచేతిలో వేస్తుంది, ఏదో మాటవరసకు అన్నట్టు: "చూడు, నీకు ఉప్పెక్కువ గావాలె గదా, నాకు తెల్వది." ఫిర్దౌస్ నాకి చూసి, "జరంత కమ్ ఉంది అక్కా" అనో, "మస్తుంది అక్కా" అనో చెబుతుంది. మంగవ్వకు ఇంకొకరి నాలుక మీద బతకడం నామోషీ. అయినా రోజులు గడిచాయి. అప్పుడప్పుడు తప్పు పోయినా పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు, ఫోను చూస్తూ తినేవాళ్లకు ఏ రుచి తెలుస్తుంది లెమ్మని ఆమె ధైర్యం చెప్పుకుంది.

మధ్యలో ఒక ఆదివారం క్లాసుకు ఇంటివాళ్లను కూడా తీసుకురమ్మన్నారు. మధులత ఫోన్ చేసి, బతిమాలి, చివరికి తల్లి మీద అరిచి ఒప్పించింది. మంగవ్వ వెళ్లి చాప మీద కూర్చుంది. వివేక్ అందరి అరచేతుల్లో ఒక్కొక్క కిస్మిస్ పెట్టాడు.

"దీన్ని ఇంతకు ముందు ఎప్పుడూ చూడనట్టు చూడండి," అన్నాడు. "ముడతలు చూడండి. ఇప్పుడు వాసన చూడండి. ఏం తెలుస్తోందో గమనించండి. తొందర లేదు."

పక్కన రాజనర్సయ్య ఆ ఎండు ద్రాక్షను పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తున్నాడు. మంగవ్వ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. నోట్లో వేసుకుంది. మెత్తగా ఏదో రబ్బరు ముక్క నమిలినట్టుంది. ఇంతమందిలో, ఇంత చల్లటి హాలులో, ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుంది.

"మంగవ్వ గారూ, మీకేమనిపించిందండీ?"

"తియ్యగున్నది."

"ఇంకా?"

"ఇంకేముంటది సార్? కిస్మిస్ కిస్మిస్ లెక్కనే ఉంటది. నాకవతల టమాటలు కుళ్లిపోతున్నయ్, పోవాలె."

అందరూ నవ్వారు. రాజనర్సయ్య కూడా నవ్వాడు. ఇంటికి వచ్చేదాకా మెట్రోలో ఆమె అటు తిరిగి కూర్చుంది. ఆమె కోపం ఆమెకే అర్థం కావడం లేదు. ఆయనకు తెలియకూడదని ఇన్ని నెలలుగా చస్తున్నది ఆమే. అయినా, ఎండిపోయిన ద్రాక్షపండు మీద ఇన్ని ముడతలున్నాయని లెక్కబెట్టే మనిషికి, పక్కన కూర్చున్న పెళ్లాం ముఖం కనిపించదా అని కడుపు మండిపోయింది. తెలియకూడదు, తెలియనందుకు కోపం. రెండూ నిజమే. ఇందులో న్యాయం వెతికితే దొరకదు.

రంజాన్ వచ్చింది.

మంగవ్వ ఎప్పటి అలవాటు ప్రకారం గరిటె ముందుకు చాపింది. ఫిర్దౌస్ చేయి వెనక్కి తీసుకుంది.

"రోజా ఉన్నా కదా అక్కా."

మంగవ్వ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏటేటా రంజాన్ వస్తుంది. ఏటేటా ఫిర్దౌస్ రోజా ఉంటుంది, పగలంతా మంచినీళ్లు కూడా ముట్టదు, పొద్దు వాలకముందే ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలని వెళ్లిపోతుంది, మంగవ్వే రోజూ గుర్తుచేసి పంపిస్తుంది. ఈసారి మాత్రం ఆ సంగతి బుర్రలోకి రానేలేదు. నాలుక ఆమెది, నోరు ఆమెది, దేవుడు ఆమెవాడు. మంగవ్వ నెలంతా ఏం చేయాలి?

గత్యంతరం లేక వివేక్ పాఠాన్నే పట్టుకుంది. ఏ పని చేస్తుంటే ఆ పని మీద ఎరుక ఉండాలన్నాడు కదా, సరే, చేయి ఏం వేస్తుందో కళ్లారా చూస్తూ వేద్దాం అనుకుంది. ఉప్పు డబ్బాలో చేయి పెట్టింది. పిడికిలిని చూసింది. ఇంతేనా రోజూ వేసేది? కొంచెం వదిలింది. తక్కువేమో? మళ్లీ తీసుకుంది. ఇన్నేళ్లు చూడకుండా వేస్తే ఒక్కనాడు తప్పని చేయి, చూస్తుంటే తడబడింది. అట్లా చూసి చూసి వేసిన ఆలుగడ్డ కూర రాజనర్సయ్య నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపటికి తెరిచి, నీళ్లు తాగాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడానికి ఆమెకు ఇంకా భయం వేసింది. వివేక్‌ను నోరారా తిట్టింది.

అసలు దెబ్బ ఆ వారంలోనే ఒక సాయంత్రం తగిలింది. ఫిర్దౌస్ ఇంటికి వెళ్లిపోయింది. రాజనర్సయ్య క్లాసుకు పోయి ఇంకా రాలేదు. కోచింగులు వదిలే వేళ, బల్ల ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. గోడ వెనక పెద్ద గిన్నెలో దోసకాయ పప్పు సన్న మంట మీద ఉంది. మంగవ్వ ముందు నిలబడి కవర్లు కడుతున్నది, ఒక చేత్తో దారం, భుజానికీ చెవికీ మధ్య ఫోను.

ముందు వరసలో అమ్మాయి చున్నీ కొస ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక ఇంకో అమ్మాయి కూడా. ఇద్దరబ్బాయిలు అటూ ఇటూ చూసి ఏదో గొణుక్కున్నారు. మంగవ్వ చూసింది, చూసి అరిచింది.

"ఏందమ్మా, ముక్కులు మూసుకుంటున్నరు? నా దుకాణంల గలీజున్నదా? పొద్దున్నే ఫినాయిల్‌తోని కడిగిన!"

"అది కాదు ఆంటీ..." అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది, మంగవ్వ వినిపించుకోలేదు. వచ్చిన గిరాకీ మీద ఎగరడం ఆమెకు కొత్త కాదు, పడడం పిల్లలకూ కొత్త కాదు. ఆ పిల్ల భయపడి ఊరుకుంది.

అప్పుడే రాజనర్సయ్య సందు మలుపు తిరిగాడు, ఎప్పటిలాగే అడుగులో అడుగు వేసుకుంటూ. దుకాణం ముందుకు వచ్చి ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. లోపల పప్పు అడుగంటి మాడుతున్నది. ఆ వాసన సందు సగం దాకా వచ్చింది. పిల్లలందరూ ముక్కులు మూసుకున్నారు. వాళ్ల మధ్య, ఆ మాడు వాసన నడిమిట్లో, అతని పెళ్లాం ఏమీ ఎరగనట్టు ముడి వేస్తున్నది. గోడ అవతల ఆవగింజ మాడినా ఇవతలినుంచి పసిగట్టే మనిషి. రాజనర్సయ్య ఆమెను చూస్తూ రోడ్డు మీదే నిలబడిపోయాడు.

"ఏం జూస్తున్నవ్ గట్ల బొమ్మ లెక్క? వచ్చి కవర్లు అందుకో!"

అతను కవర్లు అందుకోలేదు. లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పాడు. తిరిగి బల్ల దగ్గరికి వచ్చి పిల్లలతో నెమ్మదిగా, "పప్పు లేదమ్మా ఇయ్యాల. అయిపోయింది. కూరలు దీస్కోండి," అన్నాడు.

"అయిపోవుడేంది? గిన్నెడున్నది లోపల!"

"లేదు మంగా."

ఆ గొంతు విని ఆమె లోపలికి పోయి మూత తీసింది. పైన పచ్చగా ఉంది. గరిటె పెట్టి కిందికి తిప్పితే నల్లటి పెచ్చులు లేచాయి. అప్పుడు అర్థమైంది ఆ పిల్లలు ఎందుకు ముక్కులు మూసుకున్నారో, ఆయన ఎందుకు అట్లా చూశాడో. గరిటె గిన్నెలోనే వదిలేసి కూరగాయల బస్తా మీద కూలబడింది.

బల్ల ముందు గిరాకీ అంతా రాజనర్సయ్యే చూశాడు. తర్వాత షట్టరు సగం దించి లోపలికి వచ్చాడు.

"ఎప్పటి సంది?"

"ఏది?"

"మంగా."

"వానకాలం సంది," అంది. ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "అవ్, పోయింది. ముక్కు పోయింది, నాలుక పోయింది. డాక్టర్‌కు సుత చూపిచ్చుకున్న. ఎవ్వలకు జెప్పాలె? నీకు జెప్పాల్నా? గుండెల స్ప్రింగేసుకొని కూసున్నవ్! టెన్షన్ పెట్టొద్దన్నరు నీకు. నాకెవ్వలు చెప్పిండ్రు టెన్షన్ పెట్టుకోవద్దని? కిస్మిస్‌ను గంతసేపు జూస్తివి. అడుగులు జూస్తివి, బొత్తాలు జూస్తివి. నన్నెప్పుడన్న జూసినవా?"

"చూసిన," అన్నాడు రాజనర్సయ్య.

ఆమె తలెత్తి చూసింది.

"ఉప్పు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు లేకనే పాయె. నీ చేతికి గట్ల ఎన్నడన్న అయిందా? పాణం మంచిగ లేదేమో, మనసుల ఏమన్న పెట్టుకున్నదేమో అనుకున్న. సక్కగ అడిగితే నువ్వు దుంకుతవ్. గందుకే ఉప్పు ముచ్చట దీసి, నువ్వే ఏమన్న జెప్తవేమో అని జూసిన. నువ్వేమో మైత్రీవనం అంటివి."

"నోరు లేదా నీకు? ఏమయిందే అని అడగరాదా?"

"నీకు లేదా నోరు?" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన గొంతు అంతగా లేవడం ఆమె వినలేదు. "రోజూ పొద్దుగాల నువ్వొక్కదానివి వచ్చి పొయ్యి ముట్టిస్తవ్. గ్యాస్ లీకయితే? వాసన తెల్వది, అగ్గిపుల్ల గీస్తవ్, ఏమయితుండె? చెప్పు! పప్పు మాడితె గిన్నె వోతది. నువ్వు వోతే?"

ఛాతీ మీద చేయి పెట్టుకున్నాడు. మంగవ్వ బస్తా మీంచి లేచి ఉరికింది. "కూసో, కూసో జర. ఊపిరి దీస్కో. గా క్లాసుల చెప్పిండ్రు గదా ఎట్ల దీస్కోవాల్నో, గట్ల దీస్కో సచ్చినోడా!" అని స్టూలు లాగి కూర్చోబెట్టి వీపు రాసింది. నొప్పి ఏమీ లేదని తెలిశాక, ఇద్దరూ ఆ మాడు కంపులో పక్కపక్కన కూర్చుండిపోయారు. కంపు ఆయనకు మాత్రమే తెలుస్తున్నది. చివరికి ఆమె, దుకాణం మూసేద్దామా, అని అడిగింది. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినందుకు ఆమెకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొయ్యి నేను ముట్టిస్త," అన్నాడు రాజనర్సయ్య. "రుచి నేను జూస్త. నువ్వు వండు."

మర్నాడు ఆయనే ముందు వచ్చి షట్టరు ఎత్తి, ఒకచోట నిలబడి, ఊపిరి పీల్చి, గ్యాస్ వాసన లేదని రూఢి చేసుకుని పొయ్యి ముట్టించాడు. ఇందాకటి నుంచి నేను చెబుతున్న కథంతా వింటే, ఇక మీదట అంతా సాఫీగా నడిచిందని అనుకుంటారేమో. మంగవ్వను అడగండి. టమాట పప్పు ఉడికింది. బయట పిల్లలు చేరుతున్నారు. ఫిర్దౌస్ పుల్కాలు కాలుస్తూ ఓరగా చూస్తున్నది. మంగవ్వ చల్లార్చిన చుక్క గరిటెతో ఆయన అరచేతిలో వేసింది. ఆయన దాన్ని చూశాడు. వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"జర ఆగు."

ఆగింది. ఆగడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది ఆమెకు.

"మొదలు టమాట వస్తున్నది," అన్నాడు కళ్లు తెరవకుండా. "దాని ఎనక కారం. ఉప్పు ఏమో, మొదలు తెలుస్తలేదు గని, మింగినంక గొంతుల..."

"నాకు కథ వద్దు! ఉన్నదా, లేదా? ఎంత వెయ్యాలె?"

"ఎంతంటే ఎట్ల జెప్తనే? నేనెన్నడన్న వేసిన్నా?"

నిజమే. ఎంత అనేది ఆయనకు తెలియదు, ఎట్లా ఉంది అనేది ఆమెకు తెలియదు. ఇద్దరి మధ్య గిన్నె ఉడుకుతున్నది. మంగవ్వ పళ్లు నూరుకుని చిటికెడు ఉప్పు వేసి, కలిపి, ఇంకో చుక్క ఆయన చేతిలో వేసింది. ఈసారి ఆయన మాటలు వినదలుచుకోలేదు. విసుగెత్తి, వేరే దారి లేక, ముఖం వంక చూసింది.

కనుబొమల మధ్య ఒక సన్నని గీత పడి ఉంది. ఆ గీత ఎప్పటిదో ఆమెకు తెలియదు. కింది పెదవి ఒక పక్కకు కొంచెం లాగి ఉంది, ఏదో వెతుకుతున్న మనిషి లాగా. చెంపలు లోపలికి పోయాయి, దవాఖానా నుంచి వచ్చినప్పటి కంటే ఎక్కువ. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఈ ముఖాన్ని ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోబోయి మానేసింది, చూపు పక్కకు పోతుందని. ఇంకో చిటికెడు వేసింది. ఇంకో చుక్క. ఆయన చప్పరించాడు. కనుబొమల మధ్య గీత మెల్లగా విడిపోయింది. పెదవి సర్దుకుంది. ముఖమంతా తేటపడింది.

ఆయన నోరు తెరిచి ఏదో చెప్పబోయేలోపే మంగవ్వ పొయ్యి ఆర్పి గిన్నె దించేసింది.